తాగేదాకా నిలబడే మనిషి

మొన్న మంగళవారం ఆడపిల్లలకు కట్లు కట్టడం నేర్పుతున్నాను. నర్సాపురం దిగువ సముద్రపు ఒడ్డు నుంచి మా ఆసుపత్రికి వచ్చే ఎండుచేపల వర్తకుడు ఒకాయన గుమ్మం దగ్గర నిలబడి, "పెద్ద నర్సమ్మగారూ, ఆసుపత్రి అక్క పోయిందండి. పది రోజులైంది" అన్నాడు. నా చేతిలో గుడ్డపట్టీ జారి నేల మీద విచ్చుకుంటూ పోయింది. పిల్లలు నవ్వారు. పోయినదెవరో వాళ్ళకేం తెలుసు? ఇన్నేళ్ళలో వాళ్ళ దగ్గర ఆవిడ ఊసు నేనెప్పుడూ ఎత్తలేదు.

ఆవిడ రాజమహేంద్రవరంలో మా ఆడవాళ్ళ ఆసుపత్రిలో ఆయా. గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల మాట ఇది. చేపలు పట్టుకుని బతికే పల్లెవాళ్ళ మనిషి. మొగుడు సముద్రం మీద వేటకి వెళ్ళి తిరిగి రాలేదు. మరిది ఇంట్లో మాటలు పడలేక పడవెక్కి ఈ ఊరొచ్చింది. నలభై దాటి ఉంటుంది. అందరూ అక్క అనేవాళ్ళు. మా డాక్టరు దొరసానమ్మ కూడా అదే ఆవిడ పేరనుకుని "అక్కా" అని పిలిచేది.

రోగి దగ్గరకు వెళ్తే ఎవరైనా నుదుటి మీద చెయ్యి వేస్తారు. ఆవిడ కాళ్ళు పట్టుకునేది. ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకుని, దుప్పటి కొస ఎత్తి, పాదాలు పట్టుకుని కాసేపు అలా ఉండిపోయేది. ఎందుకని అడిగితే, "మొహం అబద్ధమాడుద్దండి. అత్తగారుంటే ఒకలాగుంటది, మొగుడుంటే ఒకలాగుంటది. కాళ్ళకి ఆ నాటకాలు తెలీవు" అనేది. గడియారం చూడడం రాదు. ఒక చేత్తో రోగి మణికట్టు, రెండో చేత్తో తన మెడ పట్టుకుని, "నాకంటే రెండింతలు పరిగెడతందండి" అని చెప్పేది. దొరసానమ్మ మొదట్లో నవ్వింది. ఒకసారి తన గొలుసు గడియారం తీసి లెక్కపెట్టి చూసింది. ఆ తర్వాత నవ్వలేదు.

చుట్ట కాల్చేది. ఆసుపత్రి గోడ వెనక్కి పోయి కాల్చి, చేతులకు బూడిద పెట్టి తోముకుని వచ్చేది. దొరసానమ్మ అడుగుల చప్పుడు వినిపిస్తే మిగిలిన ముక్క ఆర్పి కొప్పులో దోపుకునేది. ఆ వాసన ఎవరికీ తెలియదని ఆవిడ గట్టి నమ్మకం. నోరు కూడా మంచిది కాదు. పచ్చి బాలింత అయిన కూతురికి ఆవకాయ జాడీ తెచ్చిన తల్లిని గేటు దాకా తరిమింది. జాడీ మాత్రం తిరిగి ఇవ్వలేదు. అది వారం రోజులు ఆయాల అన్నంలోకి వచ్చింది.

నేను అక్కడ చేరేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. మా నాన్న బడిపంతులు. మొగుడు పోయి పుట్టింటికి వచ్చిన నాకు ఆయన నాలుగు ఇంగ్లీషు ముక్కలు చెప్పాడు. ఆయన కూడా పోయాక మా అన్నగారి వంటింట్లో పొగ మింగుతూ ఉండగా, నర్సు చదువుకి అక్షరం వచ్చిన ఆడవాళ్ళు కావాలన్నారని తెలిసి వచ్చి చేరాను. మొదటి రోజే ఒక ముసలామెను పక్కకు తిప్పబోయాను. నా చేతి మీద చెళ్ళున ఒక్కటి పడింది.

"ఏంటమ్మాయిగారూ, బియ్యం బస్తానా? 'అమ్మా, ఇటు తిప్పుతాను' అని ముందు చెప్పండి. ఆవిడ ఊపిరి తీసుకుని ఊఁ అన్నాక ముట్టుకోండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయా నా మీద చెయ్యి చేసుకోవడమా! కానీ ఆవిడ చెప్పినట్టు చేస్తే ముసలామె మూలగలేదు.

మా చదువు గురించి ఒక మాట చెప్పాలి. వారానికి రెండు రోజులు వసారాలో చాప మీద కూర్చునేవాళ్ళం, ఆరుగురం. దొరసానమ్మ ఇంగ్లీషు పుస్తకం చదివేది, నేను తెలుగులో చెప్పేదాన్ని. నాకు సగమే అర్థమయ్యేది, మిగతా సగం నేనే కల్పించేదాన్ని. అది అందరూ వల్లె వేసేవాళ్ళు. ఆరుగురిలో ఒకతె రక్తం చూస్తే పడిపోయేది, అయినా ప్రశ్నలన్నిటికీ టకటకా జవాబు చెప్పేది. ఇంకొకతె చెయ్యి తగిలితే ఎంత ఏడుస్తున్న పసిగుడ్డైనా ఊరుకునేది, కానీ దొరసానమ్మ ప్రశ్న అడిగితే ఆమె ఏడ్చేది. మొదటామె పాసైంది. రెండో ఆమె తప్పింది, ఊరికి పోయి పెళ్ళి చేసుకుంది. తెల్లచీర కట్టుకుంటే బయటివాళ్ళకు నర్సులందరూ ఒక్కలాగే కనిపిస్తారు. మంచం మీద పడుకున్న మనిషికి తెలుస్తుంది తేడా. ఆ మనిషిని, మాకు పరీక్ష పెట్టడానికి వచ్చే దొర ఎప్పుడూ అడగలేదు.

ఇక నీళ్ళ సంగతి. జబ్బుమనిషికి కాచి చల్లార్చిన నీళ్ళే ఇవ్వాలని దొరసానమ్మ నియమం. ఆసుపత్రిలో పెద్ద గాబు నిండా కాచి పోయించేది. వచ్చేవాళ్ళేమో మంచి మంచి రైతు కుటుంబాల వాళ్ళు. గోదావరి నీళ్ళు ఎవరు ముంచినా గోదావరి నీళ్ళే, దాని గురించి పేచీ లేదు. కానీ పొయ్యి ఎక్కిన నీళ్ళు వండిన అన్నంతో సమానం. ఎవరు కాచారో ఏమో, ఎలా తాగుతారు? దొరసానమ్మ ఎదురుగా "అలాగేనమ్మా" అని తలూపేవాళ్ళు. ఆవిడ అటు తిరగగానే గ్లాసుడు నీళ్ళూ కిటికీలోంచి పూలమొక్కలకు పోసి, ఇంటి కుండలోంచి పచ్చినీళ్ళు ముంచి ఇచ్చేవాళ్ళు. మేం రిజిస్టరులో "కాచిన నీళ్ళు ఇవ్వడమైనది" అని రాసేసేవాళ్ళం. ఇవ్వడం నిజమే కదా. తాగడం మొక్కలు తాగేవి.

ఈ సంగతి కనిపెట్టింది అక్క. వేసవిలో ఊరంతా ఎండిపోతుంటే ఆ కిటికీ కింద మొక్కలు మాత్రం పచ్చగా ఎలా ఉన్నాయా అని చూసిందట. దొరసానమ్మకు చెప్పలేదు, రోగుల వాళ్ళతో పోట్లాడనూ లేదు. వెనక దొడ్లో మూడేసి రాళ్ళు పెట్టి నాలుగైదు పొయ్యిలు తయారుచేసింది. రోగి అత్తగారినో తల్లినో పిలిచి, "మీ ఇళ్ళల్లో బాలింతకి కాచిన నీళ్ళేగా ఇస్తారు, మీకు నేను చెప్పేదేంటండి! మీ కుండ, మీ చెయ్యి, మీ మడి. నేను దూరంగా ఉంటాను. మరిగాక వెంటనే దింపకండి. ఓ తాంబూలం వేసుకుని నమిలి ఉమ్మేంతసేపు ఉంచండి" అనేది. తాంబూలం మాట వినగానే ముసలమ్మలకు సంతోషం. తను అన్నట్టే పది అడుగుల దూరంలో, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడేది. నీళ్ళు చల్లారేదాకా నిలబడేది. రోగి గుటక వేసేదాకా నిలబడేది. "చెప్పాం కదా అని వచ్చేస్తే అది మన తృప్తికండి. ఆవిడ కడుపులోకి పోవాలి కదా" అనేది.

ఆ ఏడాది మా ఆసుపత్రిలో విరేచనాలు తగ్గాయి. దొరసానమ్మ తన నియమం వల్లనే అనుకుంది. తర్వాత ఒకరోజు దొడ్లో పొగ చూసి విషయం తెలుసుకుని, కోప్పడి, ఆలోచించి, ఊరుకుంది. అంతే కాదు, "అక్క చదవలేకపోయినా నోటితో జవాబులు చెప్తే, పరీక్ష దొరని ఒప్పించి నర్సుగా తీసుకుంటాను" అంది.

ఆ మాట విన్నప్పటినుంచి ఆ మనిషి కాలు నేల మీద నిలవలేదు. నా దగ్గరకు వచ్చి, "అమ్మాయిగారూ, మీరు నాకు జవాబులు చెప్పండి. నేను మీకు చేతిపని చెప్తాను" అని బేరం పెట్టింది. రోజూ మధ్యాహ్నం చెప్పేదాన్ని. వల లాగేటప్పుడు వాళ్ళవాళ్ళు పాడుకునే వరసలో పెట్టి జవాబులన్నీ పాడేది. నేను పడీపడీ నవ్వేదాన్ని. "చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు, జాగ్రత్త అక్కా" అని ఏడిపించేదాన్ని. ఆవిడా నవ్వేది. ఒకరోజు మాత్రం నవ్వకుండా, "తెల్లచీర కట్టుకుని ఒక్కసారి మా మరిది గుమ్మం ముందు నుంచి నడవాలండి. లోపలికి వెళ్ళను. ఊరికే నడుస్తాను" అంది. ఆవిడ తనకంటూ ఫలానాది కావాలని అడగడం నేను విన్నది అదొక్కసారే.

పరీక్ష దొర శ్రావణమాసంలో వచ్చాడు. గోదావరిలో ఎర్రనీరు పోటెత్తి ఉంది. వంతెన కూలీల్లో కలరా ఉందని ఊళ్ళో గుసగుసలు. ఆసుపత్రి శుభ్రంగా కనపడాలని దొరసానమ్మ దొడ్లో పొయ్యిలు తీయించేసింది. మూడు రోజులపాటు అందరికీ ఆసుపత్రి నీళ్ళే ఇమ్మంది. అక్కను వెనక గదులకు సున్నం వేయించే పని మీద పెట్టింది. వార్డు నాకు అప్పజెప్పింది. వెళ్తూ వెళ్తూ అక్క నన్ను పక్కకు పిలిచి, "ఆ చివరి మంచం పిల్ల దగ్గర మాత్రం తాగేటప్పుడు ఎదురుగా నిలబడండి. అత్తగారిది చాదస్తం. చెప్పి వచ్చేయకండి" అంది.

ఆ చివరి మంచం పిల్లకు పద్దెనిమిదేళ్ళుంటాయి, తొలికాన్పు. పాలకొల్లు వైపు రైతుల కోడలు. కొడుకు పుట్టి పదకొండు రోజులు. పాలుతాగి నిద్రపోయే పిల్లాణ్ణి చూసుకుంటూ ఆ పిల్ల కూడా నిద్రపోయేది.

నాకు పరీక్ష భయం. ఇది తప్పితే మళ్ళీ అన్నగారి వంటింట్లోకే. చేతిలో కాగితాలు పట్టుకుని వల్లె వేసుకుంటూ వార్డంతా తిరిగాను. అత్తగారికి గ్లాసు అందించి, "కాచిన నీళ్ళే ఇవ్వండి" అన్నాను. "అలాగేనమ్మా" అంది. నేను రిజిస్టరులో రాశాను. మొదటి రోజు రాశాను, రెండో రోజు రాశాను. మూడో రోజు పొద్దున నా పరీక్ష. తాగే నీళ్ళు ఎందుకు కాచాలి అని దొర నన్నడిగాడు కూడా. చాలా బాగా చెప్పాను. దొర తల పంకించాడు. అక్కను మర్నాడు పొద్దున అడుగుతానన్నాడు.

నేను వార్డులోకి తిరిగి వచ్చేసరికి ఆ పిల్లకు విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి కళ్ళు లోతుకు పోయాయి. అక్క సున్నం చేతులతోనే పరిగెత్తుకొచ్చి, కడుక్కుని, పాదాలు పట్టుకుని కూర్చుంది. ఈసారి వదల్లేదు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆ పిల్ల పోయింది. మంచం కింద కుండ చూశాను. ఎర్రనీరు తేరుకోవడానికి కుండ లోపల చిల్లగింజ అరగదీసిన తెల్లటి మరక ఉంది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, కుండ అడుగు కనపడేటంత తేటగా. పచ్చినీళ్ళు. ఆ తేట చూసి ఆ ముసలమ్మకు ఏ అనుమానమూ వచ్చి ఉండదు.

దొరసానమ్మ అందరినీ తన గదిలోకి పిలిచింది. అత్తగారు గుండెలు బాదుకుంటూ, "ఆ పల్లెదే చెప్పిందమ్మా, మీ కుండ మీరే తెచ్చుకోండి, మీ నీళ్ళు మీరే పెట్టుకోండని! మాకేం తెలుసు?" అంది. అందులో సగం నిజం ఉంది. సగం నిజాన్ని పట్టుకోవడం కష్టం. దొరసానమ్మ రిజిస్టరు తెరిచింది. అక్క ముందుకు వచ్చి, నా వైపు తిరిగి, "అందులో ఏం రాశారో చదవండమ్మాయిగారూ" అంది.

"కాచిన నీళ్ళు ఇవ్వడమైనది" అని చదివాను.

"తాగడం చూశారా?"

ఆ గదిలో ఇంకెవరికీ ఆ ప్రశ్న తట్టలేదు. ఆవిడ గొంతులో కోపం లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నాకు వంటింటి పొగ గుర్తొచ్చింది. పొద్దున తల పంకించిన దొర గుర్తొచ్చాడు.

"చూశాను" అన్నాను.

ఆవిడ నా మొహం వైపు చూడలేదు. కిందికి, నా కాళ్ళ వైపు చూసింది. "సరేనండి" అని బయటికి వెళ్ళిపోయింది. రాతలో ఉన్నదాన్నీ చదువుకున్నదాని మాటనీ కాదని ఆయా మాట ఎవరు వింటారు? పొయ్యిలూ, సొంత కుండలూ నేర్పిన పాపానికి ఆవిణ్ణి పనిలోంచి తీసేశారు. నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను.

మర్నాడు అక్క ధవళేశ్వరంలో పాలకొల్లు పడవ ఎక్కుతోందని తెలిసి ఒంటెద్దు బండి కట్టించుకుని వెళ్ళాను. లాకుల దగ్గర గట్టు మీద మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. దాచుకోవలసిన అవసరం లేక చుట్ట దర్జాగా కాలుస్తోంది.

"కోపం వచ్చిందా అక్కా?" అన్నాను. అంతకంటే పనికిమాలిన మాట నాకు దొరకలేదు.

"కోపం ఏంటండి. ఆ పిల్ల కాళ్ళు ముందురోజు రాత్రే చల్లబడి ఉంటాయి. ఎవరైనా పట్టుకుని చూశారా?"

లేదన్నాను.

"పిల్లాడికి పాలెవరిస్తన్నారు?"

మేనత్త ఇస్తోందన్నాను. తల ఊపింది. చుట్ట నుసి దులిపి, "మీరు పాసవుతారు. ఇకనించి పిల్లలకి పాఠాలు మీరే చెప్తారు. ఈ నీళ్ళ పాఠం వచ్చినప్పుడు ఏం చెప్తారండీ?" అంది.

నేను నోరు తెరిచేలోపే పడవ కదిలిపోయిందని రాసుకుంటే నాకు ఎంతో బాగుంటుంది. పడవ కదల్లేదు. ఇంకా బెల్లం బస్తాలు ఎక్కించాలి, లాకు తలుపులు తీయాలి. కావలసినంత సేపు ఉంది. ఆవిడ చుట్ట పూర్తిగా కాల్చింది. నేను ఆవిడ పక్కనే కూర్చుని కాలువ నీళ్ళు చూస్తూ ఊరుకున్నాను.

నేను పాసయ్యాను. తెల్లచీర కట్టాను. కొన్నేళ్ళకు పెద్ద నర్సునయ్యాను, పాఠాలు చెప్పేదాన్నయ్యాను. మా పిల్లలు జవాబులు ఎంత బాగా చెప్తారో చూడాలి! వార్డులో ఏం చేస్తారో నాకు అనుమానమే, గట్టిగా అడగడానికి నోరు రాదు. వంతెన పూర్తయి రైళ్ళు తిరగడం మొదలయ్యాక దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోతూ పెట్టెలు సర్దుకుంటుంటే, ఇక ఆగలేక జరిగింది చెప్పేశాను. చీరలు మడతపెట్టినట్టు తన గౌన్లు మడతపెడుతూ ఆవిడ అంది, "నాకు ఆ రోజే తెలుసు. కుండ నేనూ చూశాను."

"మరి అక్కనెందుకు పంపేశారండీ?"

"నువ్వు రాయగలవు. ఆమె రాయలేదు. పైవాళ్ళకు నేను కాగితాలు పంపించాలి. నీలాంటి మనిషి మళ్ళీ దొరకదు అనుకున్నాను." చేతిలో గౌను పెట్టెలో పెట్టి, "దొరకని మనిషి ఆమె" అంది.

దొరసానమ్మ వెళ్ళిన నెలకు అక్కకు ఉత్తరం రాశాను. ఇప్పుడు ఇక్కడ నా మాట చెల్లుతుంది, వచ్చెయ్యమన్నాను. తెల్లచీర కట్టిస్తానన్నాను. మా పిల్లలకు చేతిపని నేర్పాలన్నాను. ఆసుపత్రిలో అందరూ గుర్తు చేసుకుంటున్నారని కూడా రాశాను, అది అబద్ధం. రెండు కాగితాలు నిండాయి. పెళ్ళాన్ని వైద్యానికి తీసుకొచ్చిన ఎండుచేపల వర్తకుడు అక్క ఊరివాడే, అక్షరం వచ్చినవాడు. అతని చేతికిచ్చి, చదివి వినిపించమన్నాను.

మళ్ళీ వచ్చినప్పుడు ఆ ఉత్తరం నాకే తిరిగిచ్చాడు. ఆవిడ రెండుసార్లు చదివించుకుందట. రెండోసారి అయ్యాక, "ఇందులో 'చూడలేదు' అనే మాట ఎక్కడైనా ఉందా?" అని అడిగిందట. ఇతను మళ్ళీ మొదటినుంచి వెతికి, లేదన్నాడట. "అయితే మడిచి ఆవిడకే ఇచ్చెయ్యి నాయనా. మా పేటలో ఇద్దరు నెలలు నిండినవాళ్ళున్నారు, నాకు తీరదు" అందట.

దొరసానమ్మకు చెప్పగలిగినదాన్ని, అక్కకు ఆ ఒక్క మాట ఎందుకు రాయలేకపోయానో నాకు ఇప్పటికీ తెలియదు. రాద్దామనే అనుకున్నాను. పరీక్షల రోజులు అయ్యాక రాద్దామనుకున్నాను, వానలు తగ్గాక అనుకున్నాను, ఆ వర్తకుడు ఈసారి వచ్చినప్పుడు అనుకున్నాను. అతను నాలుగుసార్లు వచ్చాడు. నాలుగోసారి ఈ కబురు తెచ్చాడు.

చూడలేదు అక్కా. మొదటి రోజూ చూడలేదు, రెండో రోజూ చూడలేదు.